టెయిల్‌వీల్ విమానాలు నేల తాకిన తరువాత ఎందుకు అదుపు తప్పుతాయి?

చైతన్య (యలహంక, బెంగళూరు):
పెద్దలకు నమస్కారం. నేను ఇక్కడ ఏరోనాటికల్ ఇంజినీరింగ్ చదువుతున్నాను. అలాస్కాలో నదుల గులకరాళ్ల మేటలపై దిగే చిన్న విమానాల గురించి అమెరికా రవాణా ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ నివేదికలు చదువుతుంటే ఒక సంగతి అంతుపట్టలేదు. సూపర్ కబ్, సెస్నా 180 వంటి టెయిల్‌వీల్ (ముందు రెండు ప్రధాన చక్రాలు, తోక కింద ఒక చిన్న చక్రం ఉండే) విమానాలు సవ్యంగానే నేల తాకి, తీరా వేగం తగ్గుతున్న దశలో గిర్రున తిరిగి, రెక్క నేలకు కొట్టుకొని దెబ్బతింటున్నాయి. ఈ చిక్కు ఎందుకు వస్తుంది? అలాంటప్పుడు ముక్కు చక్రం ఉన్న విమానాలే వాడవచ్చు కదా?

రామ్మోహన్ (విశ్రాంత శిక్షకుడు, జక్కూరు):
చైతన్య గారూ, ఈ విమానాల గురుత్వ కేంద్రం ప్రధాన చక్రాలకు వెనుక ఉంటుంది. సూపర్‌మార్కెట్ ట్రాలీని వెనక్కి నెట్టి చూడండి, కాస్త వంకర పోగానే అది పూర్తిగా తిరగబడాలని చూస్తుంది. విమానమూ అంతే, ముక్కు ఒక పక్కకు జరిగితే చక్రాల రాపిడి దాన్ని సరిదిద్దకపోగా ఇంకా తిప్పుతుంది. దీన్నే గ్రౌండ్ లూప్ అంటారు. వేగం ఉన్నంతసేపు రడ్డర్ (తోక మీది నిలువు చుక్కాని) మీద గాలి ఒరిపిడి ఉంటుంది కాబట్టి దిద్దుకోవచ్చు. వేగం తగ్గేకొద్దీ రడ్డర్ పట్టు సడలుతుంది, పక్కగాలి మాత్రం తగ్గదు. ఆ కొద్ది క్షణాలే గండం.

1958లో తొలిసారి ఎగిరిన హెచ్‌ఏఎల్ పుష్పక్ కూడా టెయిల్‌వీల్ విమానమే. ఇలాంటి వాటిలో మూడు చక్రాలూ ఆనిన భంగిమలో ముక్కు ఎదుటి రన్‌వేను కప్పేస్తుంది కనుక, కంటి కొసలతో రెండు అంచులనూ గమనిస్తూ, పాదాలతో రడ్డర్ పెడళ్లను చిన్న చిన్నగా కదుపుతూ ఉండాలి. మందపాటి అడుగున్న బూట్లు వేసుకొస్తే నేను విద్యార్థులను కసురుకునేవాణ్ణి, పెడల్ ఒత్తిడి వాటిలో తెలియదు.

శ్రీలత (ఇంజినీరు, ఇందిరానగర్):
రెండో ప్రశ్నకు నా జవాబు. ఎగుడుదిగుడు నేలపై ముక్కు చక్రం కాడ విరిగే ప్రమాదం ఎక్కువ. టెయిల్‌వీల్ విమానంలో ప్రొపెల్లర్ రాళ్లకు దూరంగా, ఎత్తులో ఉంటుంది.

అయితే మారుమూల స్ట్రిప్పులు (చిన్న కచ్చా రన్‌వేలు) గిర్రున తిరిగే ఈ బలహీనతను పెంచుతాయి. 5,000 అడుగుల ఎత్తులో వేగం చూపే మీటరు అదే అంకె చూపినా, సముద్రమట్టంతో పోలిస్తే అసలు వేగం సుమారు 8 శాతం, ఆపవలసిన శక్తి సుమారు 16 శాతం అధికం. ఎండ కాస్తే ఇంకా ఎక్కువ. పైగా ఒకవైపు కొండ ఉన్న స్ట్రిప్పులో గాలి ఎటు వీచినా ఎగువకే దిగాలి, అంటే వెనుకగాలిని భరించక తప్పదు. ముందుకు వెళ్లాక మళ్లీ లేవడానికి చోటుండదు. అందుకే తిరిగి లేచిపోవాలో వద్దో తేల్చుకునే చోటును స్ట్రిప్పు చేరకముందే నిర్ణయించుకోవాలి. నా ఉద్దేశంలో నేల మీద జరిగినట్లు కనిపించే చాలా ప్రమాదాలకు బీజం అక్కడే పడుతుంది.

చైతన్య:
ఇద్దరికీ ధన్యవాదాలు. మరి పక్కగాలిలో మూడు చక్రాలూ ఒకేసారి ఆనించడం మేలా, ముందు రెండే ఆనించడం మేలా?

రామ్మోహన్:
దీనిపై పైలట్లు ఎప్పటికీ ఏకాభిప్రాయానికి రారు. ముందు చక్రాలపై దిగితే దారి కనబడుతుంది, రడ్డర్ బాగా పనిచేస్తుంది. కానీ వేగం ఎక్కువ, తోకను ఎప్పుడో ఒకప్పుడు దించాలి. మెత్తటి ఇసుకలోనైతే స్టిక్‌ను (విమానాన్ని నడిపే కర్రను) పూర్తిగా వెనక్కి లాగి మూడు చక్రాలపై దిగడమే నాకు నచ్చుతుంది. ఏ పద్ధతిలోనైనా తోక పైకి ఉండగా బ్రేకులు గట్టిగా తొక్కకండి, ప్రొపెల్లర్ నేలలో గుచ్చుకుంటుంది.