అప్‌డేట్: జీడిమెట్ల ఫ్యాక్టరీ కెమికల్స్ లిస్ట్ సంగతి
మా కాలనీ వెనక ఫ్యాక్టరీలో ఏయే కెమికల్స్ నిల్వ ఉంటాయో ఎట్లా తెలుస్తుందని అడిగాను కదా, చెప్పినోళ్లందరికీ థ్యాంక్స్ అండి. కేంద్ర పర్యావరణ శాఖ అనుమతులు పెట్టే పరివేష్ పోర్టల్‌లో ఫ్యాక్టరీ ఎన్విరాన్‌మెంట్ క్లియరెన్స్ లెటర్ దొరికింది, ఏ ప్రొడక్ట్ ఎంత చేయొచ్చో టేబుల్ ఉంది గానీ టోలుయీన్ లాంటి సాల్వెంట్లు (వేరే పదార్థాల్ని కరిగించే ద్రవాలు) ఎంత స్టోర్ చేస్తారో లేదు. 10 రూపాయలు కట్టి ఆర్టీఐ (సమాచార హక్కు దరఖాస్తు) వేస్తే వ్యాపార రహస్యం, ఆర్టీఐ చట్టం సెక్షన్ 8(1)(డి) కింద ఇవ్వం అని తిప్పి పంపారు. అదే సెక్షన్‌లో ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వొచ్చని కూడా ఉంది, పైగా 1989 ప్రమాదకర రసాయనాల రూల్స్‌లో 15వ రూల్ ప్రకారం పెద్ద ప్రమాదమైతే దెబ్బతినే చుట్టుపక్కలోళ్లకి కంపెనీయే ముందుగా చెప్పాలి, ఈ రెండూ రాసి పై అధికారికి ఫస్ట్ అప్పీల్ వేశా. కంపెనీ ఫార్ములా ఎవరికి కావాలండీ, గ్యాస్ లీకైతే పిల్లల్ని ఎటు తీసుకెళ్లాలో తెలియాలి. రిప్లై రాగానే పెడతా.