నావిక్ ఉపగ్రహంలో గడియారం పాడైతే కింది నుంచి సమయం పంపలేమా?

నమస్కారమండీ. హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. జీపీఎస్‌లాగా ఉపగ్రహాలతో మనం ఎక్కడున్నామో చెప్పే మన దేశపు వ్యవస్థ నావిక్ గురించి పిల్లల కోసం నోట్సు రాస్తూ ఒక చోట ఆగిపోయాను.

మొదటి ఉపగ్రహం 2013 జులై 1న శ్రీహరికోట నుంచి వెళ్లింది, 2016 ఏప్రిల్‌కి ఏడూ పూర్తయ్యాయి. మూడు భూమధ్యరేఖ పైన కదలనట్టు కనిపిస్తాయి. మిగతావి 29 డిగ్రీల వంపు కక్ష్యల్లో 8 అంకె గీసినట్టు ఉత్తరానికీ దక్షిణానికీ తిరుగుతుంటాయి. అన్నీ ఎప్పుడూ మనవైపే ఉంటాయి కాబట్టి ఇన్ని తక్కువ ఉపగ్రహాలతో పని నడుస్తుంది. ఎంత చక్కటి ఆలోచనో!

సందేహమల్లా గడియారాల దగ్గరే. ఉపగ్రహం నుంచి సిగ్నల్ రావడానికి పట్టిన సమయాన్ని బట్టే దూరం కడతారు కాబట్టి, మైక్రోసెకను తేడా వచ్చినా దూరం లెక్క 300 మీటర్లు తప్పుతుంది. మొదటి ఉపగ్రహంలో విదేశీ రుబీడియం అణు గడియారాలు మూడూ పాడయ్యాయి. 2023లో వెళ్లిన కొత్త నావిక్ ఉపగ్రహం ఎన్‌విఎస్-01లో మన దేశంలో తయారైన గడియారం పెట్టారు, సంతోషం.

అయితే, జీపీఎస్ లెక్కను సరిదిద్దడానికి విమానాలకు వాడే మన గగన్ వ్యవస్థ సిగ్నల్ నేల మీదే తయారై, జీశాట్ ఉపగ్రహం మీదుగా తిరిగి కిందికి వస్తుంది కదా. గడియారం పోయిన నావిక్ ఉపగ్రహాన్నీ అలా వాడుకోలేమా? లోపలి పరికరాలే వేరా, లేక కచ్చితత్వం పడిపోతుందా? ఈ రంగంలో పనిచేసినవాళ్లు ఎవరైనా పదో తరగతి పిల్లలకు అర్థమయ్యేలా చెప్పగలరా?