మంచు ఎప్పటిదాకా ఉంటదన్నా? కల్లంలో మిర్చి ఉంది

తాడికొండ రైతు: ఎనిమిదైనా ఎదురుగా చెట్టు కనపడట్లా, మొదటి కోత కాయ కల్లంలో పోస్తే పొద్దున్నే మెత్తగా తగులుతోంది. శివరాత్రి దాకా ఇంతేనా?

తెనాలి నుంచి: ఆకాశం తేటగా ఉండి గాలి ఆడకపోతే మంచు ఖాయం తమ్ముడూ, పక్కనే కృష్ణ, కాలవలు, వరి కోసిన మాగాణి తడి, ఇంకేం కావాలి. అల్పపీడనం పట్టి మబ్బేస్తే మంచు తగ్గుద్ది గానీ కల్లంలో కాయకి వాన ఇంకా ఘోరం.

దుగ్గిరాల: ఎండ ఉండగానే కుప్పజేసి పట్టా కప్పెయ్, పొద్దున నేల ఆరాకే నెరుపు. తడికాయ బస్తాకెత్తితే బూజే, యార్డులో రేటు కోసేస్తారు.

కొల్లిపర: మినుము వేసినోళ్లు ఆకుమీద బూడిద తెగులు చూసుకోండి, కనపడితే నీటిలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు, మంచు ఆరాకే కొట్టండి.