కుండీలో పుదీనా మధ్యలో బోసిపోతోంది, టీకి వాసన రావడం లేదు

ప్రశ్న (డాబా తోట, విజయవాడ):
నవంబరులో రైతుబజారు పుదీనా కట్టలోంచి ముదురు కాడలు ఏరి, కింది ఆకులు తుంచి గ్లాసు నీళ్లలో ఉంచితే పది రోజులకు వేళ్లు వచ్చాయి. వాటిని లోతైన 12 అంగుళాల కుండీలో నాటాను. సంక్రాంతికి కుండీ నిండుగా ఉన్న మొక్క, మార్చి దాటేసరికి మధ్యలో బోసిపోయి, అంచుల వెంబడి మాత్రమే సన్నని చిగుళ్లు వేస్తోంది. రెండు పూటలా నీళ్లు పోస్తూనే ఉన్నాను. పైగా ఆ ఆకులను అయిదు నిమిషాలు మరిగించి టీ చేస్తే రంగు దిగుతోంది గానీ పరిమళం లేదు, గడ్డి కషాయంలా ఉంటోంది. లోపం మొక్కదా, నాదా?

జవాబు 1 (పెరటి మనిషి, వరంగల్):
అంచుల వెంబడే చిగుళ్లు వస్తున్నాయన్న మాటలోనే మీకు జవాబు ఉందండీ. పుదీనా మట్టిలో అడ్డంగా తీగలు పాకిస్తూ పెరుగుతుంది కాబట్టి, ఆ తీగలు కుండీ గోడకు తగిలి చుట్టూ తిరుగుతాయి, మధ్యలో మిగిలేది పాత వేళ్లే. దీనికి లోతు కంటే వెడల్పు ముఖ్యం. ఎనిమిది అంగుళాల లోతున్న వెడల్పాటి టబ్బు చాలు. మట్టిగడ్డను బయటికి తీసి నాలుగు ముక్కలుగా కోసి, మాగిన పశువుల ఎరువు కలిపిన కొత్త మట్టిలో నాటండి. అయితే ఈ ఎండల్లో ఆ పని వద్దు, తొలకరి పడనివ్వండి. అంతవరకు ఉదయపు ఎండ మాత్రమే తగిలే చోటికి మార్చి, వేలు గుచ్చి చూసి, పైమట్టి ఆరితేనే నీళ్లు పోయండి. ఇంకొకటి, చాలామంది ఆకులు మాత్రం గిల్లుకుని బోడి కాడను వదిలేస్తారు. కణుపుకు కాస్త పైన కాడనే కత్తిరిస్తే అక్కడినుంచి రెండు కొమ్మలు వస్తాయి.

జవాబు 2 (టీ ప్రియుడు, హైదరాబాద్):
టీ విషయంలో లోపం మీదేనండీ, కోపగించుకోకండి. పుదీనా వాసన ఆవిరితో పాటు ఎగిరిపోయే నూనెలో ఉంటుంది. మీరు మరిగించినంతసేపూ ఆ పరిమళమంతా వంటగదికి పోతోంది. నీళ్లు కాగాక పొయ్యి కట్టేసి, నలిపిన పది పన్నెండు ఆకుల మీద పోసి, అయిదు నిమిషాలు మూత పెట్టండి. మూత లోపల పట్టిన నీటి బొట్లను కప్పులోకే జారనివ్వండి, అసలు సువాసన అక్కడే ఉంటుంది. మన బజారు పుదీనాలో సాధారణంగా కార్వోన్ అనే సువాసన పదార్థం ఎక్కువ, చల్లదనమిచ్చే మెంథాల్ తక్కువ కనుక పిప్పర్‌మెంటు బిళ్ల చల్లదనాన్ని మాత్రం ఆశించకండి. ఆ చల్లదనమే కావాలంటే పెప్పర్‌మింట్ కాడను తెచ్చి నాటాలి. అది సంకర మొక్క, విత్తనాలతో నమ్మకంగా రాదు.

జవాబు 3 (డల్లాస్ నుంచి):
టబ్బు మాటను తేలిగ్గా తీసుకోకండి. నేను పెరట్లో నేలమీదే నాటితే రెండేళ్లలో గులాబీల మధ్యకు పాకింది, ఇప్పటికీ పీకుతూనే ఉన్నాను. ఛాతీలో మంట, పులితేన్పులు ఉన్నవారికి పుదీనా టీ ఆ బాధను పెంచవచ్చు, అదీ చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
సాయంత్రం కుండీని పక్కకు వంచి తట్టి చూశాను. తెల్లని తీగలు గోడ వెంబడి చాంతాడులా మూడు చుట్లు తిరిగి ఉన్నాయి. మొక్కను మళ్లీ కుండీలోకి దించి మెట్ల కింది నీడకు చేర్చాను, ఎందుకైనా మంచిదని ఆరు కాడలను గ్లాసులో పెట్టాను. మూత పెట్టి చేసిన టీని మా అత్తగారు రెండో కప్పు అడిగారు.