కాలేజీ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) ఎన్‌ఎఫ్‌ఎల్‌లో నిలబడతాడా లేదా, ఏం చూసి చెప్తారు?

ఫ్రిస్కో_నాన్న:
మా వాడు తొమ్మిదో క్లాసు. శనివారం కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లు, ఆదివారం ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్, వాడి పక్కన కూర్చుని చూసీ చూసీ నాకూ పిచ్చి పట్టింది. డ్రాఫ్ట్ (ప్రో టీమ్‌లు వరసగా కాలేజీ కుర్రాళ్లని ఎంచుకోవడం) వచ్చిందంటే ఇంట్లో ఇదే వాదన. 2000లో, తర్వాత అంత గొప్ప క్వార్టర్‌బ్యాక్ అయిన టామ్ బ్రేడీని 199వ నంబర్ దాకా ఎవరూ తీసుకోలేదు, 2007లో జమార్కస్ రస్సెల్‌ని మొట్టమొదట తీసుకుంటే మూడు సీజన్లకే అయిపోయాడు. మరి మనం చూడాల్సింది ఏంటి?

లబ్బక్_ఎంఎస్:
అన్నా నేను టెక్సాస్ టెక్‌లో చదివేటప్పుడు 2016 అక్టోబర్‌లో ఓక్లహోమా మ్యాచ్‌కి స్టేడియంలోనే ఉన్నా, మా క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్ ఆ రాత్రి పాసులతో 734 యార్డులు విసిరాడు, అయినా 66-59తో ఓడిపోయాం. ఇక్కడ ఆడించే ఎయిర్ రెయిడ్‌లో (అస్తమానం పాసులు వేసే పద్ధతి) ఎవడైనా ఇన్ని యార్డులు కొడతాడులే అని నా రూమ్మేట్ తీసిపారేశాడు. నాకు గుర్తుండిపోయింది ఆ లెక్క కాదు, ముందు కాపలాగా ఉన్న లైన్ చెదిరిపోయి అవతలి వాళ్లు మీదకి వచ్చేస్తుంటే పక్కకి పరిగెడుతూ, కాళ్లు కుదురుకోకుండానే సరైనవాడికి బంతి వేయడం. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో కాన్సాస్ సిటీ టీమ్‌కి చేసేదీ అదే కదా. ప్లే అనుకున్నట్టు నడిచినప్పుడు అందరూ బాగానే కనిపిస్తారు, చెడిపోయినప్పుడు చూడండి.

బఫెలో_చలిలో:
నేను మా బఫెలో క్వార్టర్‌బ్యాక్ జాష్ అలెన్ విషయంలో ఘోరంగా తప్పాను. కాలేజీలో, వయోమింగ్‌కి వేసిన పాసుల్లో చేరినవి 56 శాతమే, ఇలాంటివాణ్ణి 2018లో ఏడో నంబర్‌లో తీసుకుంటారా అని మా ఆవిడ దగ్గర నెల రోజులు గోల పెట్టా. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మొదటి ఏడాది 52.8 శాతం, నేనే కరెక్ట్ అనుకున్నా. 2020కి 69.2! విసిరే పద్ధతి మార్చుకున్నాడు, పాసులు పట్టే రిసీవర్ స్టెఫాన్ డిగ్స్ వచ్చాడు, కోచ్‌లు ఓపిక పట్టారు. అందుకే కుర్రాడొక్కణ్ణే చూసి చెప్పలేం, ఏ టీమ్‌కి వెళ్తున్నాడో అదీ సగం.

చైన్_క్రూ_బాబాయ్:
మా అమ్మాయి స్కూల్ మ్యాచ్‌ల్లో దూరం కొలిచే చైన్లు పట్టుకుంటా, అందుకే గ్రౌండ్ మీద గీతలు గమనించడం అలవాటు. కాలేజీలో రెండు హాష్ మార్కుల (ప్రతి ప్లేకి బంతిని ఈ గీతల మీదో మధ్యలోనో పెడతారు) మధ్య 40 అడుగులు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలే. కాలేజీలో బంతి ఒక పక్క పెడితే అవతల పక్క బోలెడు ఖాళీ, రిసీవర్ ఒంటరిగా దొరుకుతాడు. ప్రో ఆటలో ఆ ఖాళీ ఉండదు. రిసీవర్ తిరగకముందే బంతి చేతిలోంచి వదిలేస్తున్నాడా, థర్డ్ డౌన్‌లో (పది యార్డులు దాటడానికి ఉన్న నాలుగు ప్రయత్నాల్లో మూడోది) ఇద్దరు డిఫెండర్ల మధ్య సందులోకి వేస్తున్నాడా, నేను అవే చూస్తా. చేయి ఎంత పొడవు, అరచెయ్యి ఎన్ని అంగుళాలు అనేది నేను పట్టించుకోను, క్వార్టర్‌బ్యాక్ జో బరో అరచెయ్యి 9 అంగుళాలే అని ఎంత గొడవ చేశారో గుర్తుందిగా.

లబ్బక్_ఎంఎస్:
బాబాయ్ చెప్పింది నిజం. ఇంకోటి, ఎన్ని మ్యాచ్‌లు ఆడాడో చూడాలి. 2017లో మహోమ్స్ కంటే ముందే రెండో నంబర్‌లో పోయినా నిలబడలేకపోయిన ట్రుబిస్కీ కాలేజీలో 13 మ్యాచ్‌లే స్టార్ట్ చేశాడు, పైగా ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మొదటి ఏడాదే ఆటలోకి దింపేశారు. మహోమ్స్‌ని అలెక్స్ స్మిత్ వెనక దాదాపు ఏడాదంతా కూర్చోబెట్టారు. 2022లో అందరికంటే చివర, 262వ నంబర్‌లో పోయిన పర్డీ అయోవా స్టేట్‌లో నాలుగేళ్లు ఆడి వచ్చాడు, నిలదొక్కుకున్నాడు.

ఫ్రిస్కో_నాన్న:
అందరికీ థ్యాంక్స్, ఈ శనివారం థర్డ్ డౌన్‌లు ఒక్కటీ వదలకుండా చూస్తాం. మా వాడు ఇంకో ప్రశ్న వేశాడు. 2018లో మూడో నంబర్‌లో పోయిన క్వార్టర్‌బ్యాక్ డార్నల్డ్‌ని న్యూయార్క్ జెట్స్ వదిలించుకున్నారు, అదే మనిషి 2024లో మిన్నెసోటాకి 14 మ్యాచ్‌లు గెలిపించాడు. మరి ఒకడు ఫెయిలయ్యాడని ఎన్నేళ్లకి అనాలి?

బఫెలో_చలిలో:
అలెన్ తర్వాత నేనైతే మూడేళ్ల లోపు నోరు మెదపట్లేదు.