బాపుకు మిట్రల్ వాల్వ్ క్లిప్ వేయించాలా? చేయించుకున్నవాళ్లు చెప్పండి

మాది హన్మకొండ. మా బాపుకు 68 ఏళ్లు. నాలుగేళ్ల కింద గుండెపోటు వచ్చింది, అప్పటినుంచి గుండె పంపింగ్ తగ్గుతూ ఇప్పుడు 28 శాతానికి వచ్చింది. ఒకప్పుడు రోజూ పొద్దున వేయిస్తంభాల గుడి దాకా నడిచొచ్చే మనిషి, ఇప్పుడు బాత్రూమ్‌కు పోయొస్తేనే ఆయాసపడుతున్నాడు. రాత్రి మూడు దిండ్లు పెట్టుకుంటే గానీ నిద్ర పట్టదు. నీళ్ల మాత్ర డోసు పెంచినా కాళ్ల వాపు మళ్లీ వస్తోంది.

గుండె సాగి మిట్రల్ వాల్వ్ సరిగా మూసుకోక రక్తం వెనక్కి లీకవుతోందని హైదరాబాద్ డాక్టర్ చెప్పారు. ఓపెన్ హార్ట్ ఆపరేషన్ తట్టుకోలేడట. గజ్జలోని సిర గుండా గొట్టం పంపి, వాల్వ్ రేకులు రెండింటినీ క్లిప్‌తో పట్టి ఉంచొచ్చన్నారు. 2018లో వచ్చిన రెండు పరిశోధనల్లో అమెరికాలో చేసినదాంట్లో మేలు కనిపించింది, ఫ్రాన్స్‌దాంట్లో పెద్ద తేడా లేదు. అది చదివాక నాకు టెన్షన్ ఇంకా ఎక్కువైంది.

మీ ఇంట్లో ఎవరికైనా వేయించారా? ఆయాసం నిజంగా తగ్గిందా, ఎన్ని రోజులకు? క్రియాటినిన్ 1.8 ఉంది, కిడ్నీకి ఇబ్బంది అయిందా? ముందు గొంతులోంచి తీసే ఎకో పెద్దవాళ్లు ఓర్చుకుంటారా? ఆరోగ్యశ్రీలో ఈ క్లిప్‌కు డబ్బు వచ్చినవాళ్లుంటే అదీ చెప్పండి. బాపు మాత్రం "పొలం అమ్మి నాకు క్లిప్పు పెట్టిస్తవారా" అని ఒకటే గొడవ.