డీఎన్ఏ ఒకటే అయితే గ్లియా కణాలు ఎలా వేరవుతాయి?

ప్రశ్న (బొబ్బిలి నుంచి): నేను బైపీసీతో చదువు ఆపేశాను. విజయనగరంలో డిగ్రీ జువాలజీ చదువుతున్న మా చెల్లి రాత్రి అన్నం తింటూ అడిగింది: న్యూరాన్ (నాడీకణం), దానికి ఆసరాగా ఉండే ఆస్ట్రోసైట్ అనే గ్లియా కణం ఒకే రకం మూలకణాల నుంచి వస్తాయి, డీఎన్ఏ కూడా ఒకటే, మరి తేడా ఎక్కడ? చెప్పలేకపోయాను. సోమవారం పరీక్ష, దానికి టెన్షన్‌గా ఉంది.

జవాబు (శ్రీకాకుళం): ఇరవై ఏళ్లుగా జువాలజీ చెబుతున్నాను బాబూ, చాలామంది పిల్లలు ఆగిపోయేది ఇక్కడే. తేడా అంతా ఏ జన్యువు ఎప్పుడు పనిచేస్తుందన్న దాంట్లో ఉంది. పిండం మెదడులో మూలకణాలు ముందు న్యూరాన్లనిస్తాయి. అప్పుడు ఆస్ట్రోసైట్లలో పనిచేసే జీఎఫ్ఏపీ జన్యువు ప్రమోటర్ మీద, అంటే ఆ జన్యువును ఆన్ చేసే చోట, మిథైల్ గుర్తులు (డీఎన్ఏకి అంటుకునే చిన్న రసాయన గుర్తులు) ఉంటాయి, అందుకే దాన్ని ఆన్ చేసే స్టాట్3 ప్రోటీన్ అక్కడ అతుక్కోలేదు. తర్వాత ఆ గుర్తులు తొలగుతాయి. అందులో ఎన్ఎఫ్ఐఏ ప్రోటీన్‌ది పెద్ద పాత్ర. అప్పుడు ఆస్ట్రోసైట్లు పుడతాయి.

పండు ఈగల్లో జీసీఎమ్ జన్యువు పనిచేయకపోతే, గ్లియా కావాల్సిన కణాలు న్యూరాన్లవుతాయి. 1995లో తేలిన ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా నాకు కొత్తగానే ఉంటుంది.

ప్రశ్న: మెదడులో రోగనిరోధక పని చేసే మైక్రోగ్లియా కణాలు కూడా ఇంతేనా మాస్టారూ?

జవాబు: కాదు. అవి పిండానికి ఆనుకుని ఉండే పచ్చసొన సంచిలో మొదలై మెదడుకి చేరతాయి. రెండూ కలిపి రాయొద్దని చెల్లికి చెప్పు.